సాయంకాలపు సీసా

సికింద్రాబాదు వాసులు తమ యూరిని నేటికిని లష్కరని పిలుచుకొందురు. 1806వ సంవత్సరమున నిజాము సికందర్ జా పేరు మీదుగా వెలసిన యీ నగరము మొదట ఇంగ్లీషు దండు విడిసిన తావు. ఆ దండును బట్టియే లష్కరను పేరు నిలిచినది. 1874లో రైలు వచ్చినది. దండును, రైలును ఉన్నచోట దాహము గొన్నవారికి కొదువ యుండదు. అందుచేత గాలి నింపిన నీటి సీసాతో ఈ నగరమునకు గల చుట్టరికము నిన్న మొన్నటిది కాదు. అయితే నాటి సీసా వేరు, నేటి సీసా వేరు.

వేసవి దినములలో సాయంకాలము ఐదు గంటల వేళ స్టేషను చుట్టుపట్ల గాని, గడియార స్తంభము కడ గాని, మోండా మార్కెట్టు వీథులలో గాని నడచి చూచినచో ఒక దృశ్యము తప్పక కనబడును. ప్రతి దుకాణము ముందును అద్దపు తలుపుల ఫ్రిజ్జు నిలిచియుండును. అందులో నల్లనివి, పచ్చనివి, నారింజరంగువి, వరుసలు దీర్చిన సీసాలు చెమటలు పోయుచుండును. బడి విడిచిన పిల్లలు పుస్తకముల సంచులు వీపున వ్రేలాడుచుండగా అక్కడ గుమిగూడుదురు. ఇంకొక గంటలో ట్యూషనుకు పోవలెను. అంతలో ఒక చల్లని సీసా. ఇరువది రూపాయలలో పని ముగియును.

ఇట్టి పానీయముల వలన పండ్లు చెడుననియు, ఒడలు లావెక్కుననియు పెద్దలు పిల్లలకు చెప్పుచునే యున్నారు. ఆ మాటలు నిజములే. కాని పిల్లలు వానిని లెక్కచేయకపోవుటకు కారణము లేకపోలేదు. పండ్లు చెడుట ఎప్పుడో జరుగును. మధుమేహము వచ్చుట ఇంకను ఎప్పుడో జరుగును. పదుమూడేండ్ల బాలునకు ఇరువది సంవత్సరముల తరువాతి సంగతి కథవలె తోచును. ఆ సీసా చేయు చెరుపు ఆ రాత్రియే మొదలగునని, మరునాటి మొదటి పీరియడులోనే దాని గుర్తు కనబడునని అతనికి ఎవరును చెప్పుట లేదు. చెప్పవలసినది ముందుగా ఆ మాటయే.

మొదట నీటిలోని గాలిపై మోపబడిన నింద తొలగింపవలెను. 1767వ సంవత్సరమున ఇంగ్లాండులోని లీడ్స్ పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్‌లీ యను పండితుడు ఒక సారాయి బట్టీకి పొరుగున నివసించుచుండెను. పులియుచున్న తొట్ల మీద తేలు వాయువును అతడు నీటిలో కలిపి చూచెను. ఆ నీరు నాలుకకు చురుక్కుమని తగిలి హాయిగా నుండెను. అదియే బొగ్గుపులుసు వాయువు కలిపిన సోడానీరు. 1772లో ఆ విధానమును అతడు గ్రంథముగా ప్రకటించెను. అదే సంవత్సరమునకు సరిగా నూరేండ్లు గడచిన పిమ్మట, 1872లో, హైరమ్ కాడ్ అను మరియొక ఆంగ్లేయుడు గాజుగోలీతో మూతపడు సీసాకు పేటెంటు పొందెను. సీసాను తలక్రిందుగా పట్టి గాలినీరు నింపుదురు. లోపలి వాయువు ఒత్తిడికి గోలీ వచ్చి మెడలోని రబ్బరు చక్రమునకు బిగిసికొనును. బొటనవ్రేలితోనో కొయ్య బిరడాతోనో గోలీని లోపలికి నొక్కినప్పుడు వెలువడు కీచుధ్వని తెలుగునాట మూడు నాలుగు తరముల వారికి చిరపరిచితము. ఆ గోలీ చేతికి చిక్కుటకై సీసాను పగులగొట్టి తన్నులు తిన్న పిల్లలు ఎందరో.

ఆ గోలీసోడాలో నున్నది నీరు, గాలి. ఉప్పును నిమ్మరసమును కోరినవారు కలిపించుకొనెడివారు. అందులో దాచిపెట్టిన దేమియు లేదు. బుసబుస పొంగుటయే పాపమైనచో ఆ పాపము గోలీసోడాకు కూడ అంటవలెను, కాని అంటదు. నేటి నల్లని కోలా సీసాలోను అదే గాలి కలదు. కాని ఆ గాలి వెనుక మూడు వస్తువులు దాగియున్నవి: చక్కెర, ఆమ్లము, కెఫీను. చల్లదనము చేతను గాలి చురుకు చేతను ఈ మూడింటి అసలు రుచి నాలుకకు తెలియదు. అదే పానీయమును గాలి పోయిన తరువాత, గోరువెచ్చగా త్రాగి చూచిన వారు రెండవ గుటక వేయరు. అంత తీపి అది.

ఎంత తీపి యనునది సీసా మీది చిన్న అక్షరములలోనే వ్రాయబడి యుండును. సాధారణముగా కోలా పానీయములలో నూరు మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర యుండును. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములు, అనగా ఆరు చెంచాలు. ఇంటిలో టీలో ఆరు చెంచాల చక్కెర వేసికొన్న పిల్లవానిని ఏ తల్లియు ఊరకుండనీయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన సూచన ప్రకారము పదార్థములలో అదనముగా చేర్చు చక్కెర దినమునకు 25 గ్రాముల లోపు ఉన్నచో మేలు. దినమున తిను మిఠాయి, బిస్కత్తు, టీ అన్నియు ఆ లెక్కలోనివే. ఒక్క సీసాతోనే ఆ లెక్క దాటిపోవుచున్నది. దినమునకొక సీసా చొప్పున సంవత్సరము త్రాగిన బాలుడు దాదాపు 11 కిలోల చక్కెరను ఒక్క పానీయము ద్వారానే మ్రింగుచున్నాడు. అన్నము తిన్నప్పుడు కడుపు నిండినదను తెలివి కలుగును. ద్రవరూపమున వచ్చిన చక్కెరకు కడుపు అట్లు లెక్క కట్టుకొనదు. సీసా త్రాగినవాడు అన్నము తగ్గించి తినడు. ఆ చక్కెర మిగులుబాటై కాలేయమున క్రొవ్వుగా మారును.

మానివేసినచో ఫలమేమి యను ప్రశ్నకు 2012లో హాలెండు దేశమున జరిగిన ఒక పరిశోధన చక్కని సమాధానము చెప్పుచున్నది. అక్కడి 641 మంది పిల్లలను రెండు జట్లుగా విభజించి, దినమునకు 250 మిల్లీలీటర్ల పానీయమును పదునెనిమిది నెలలు ఇచ్చిరి. ఒక జట్టుకు చక్కెర కలిపినది. రెండవ జట్టుకు చక్కెర లేనిది. ఎవరికి ఏది యిచ్చినదియు పిల్లలకు తెలియదు. గడువు తీరునప్పటికి చక్కెర త్రాగినవారు సగటున 7.37 కిలోల బరువు పెరుగగా, రెండవ జట్టువారు 6.35 కిలోలే పెరిగిరి. ఎదుగు పిల్లలు గనుక ఇరుజట్లును పెరుగుట సహజమే. కాని ఆ ఒక్క కిలో తేడా తిండిలో ఏ మార్పును చేయకుండగనే, కేవలము ఒక గ్లాసు వలన వచ్చినది. అందుచేత మానుట వలన కనబడునంత లాభముండదనువారి మాట చెల్లదు.

ఆమ్లము సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును. పంటి మీది పింగాణి పూత మానవ దేహమున కెల్ల మిక్కిలి గట్టి పదార్థము. నోటిలోని పులుపు ఒక హద్దు దాటినప్పుడు ఆ పూత కరగ నారంభించును. కోలాలోని భాస్వరపు ఆమ్లము ఆ హద్దును ఎన్నో రెట్లు దాటినది. గుటక గుటకగా గంటసేపు చప్పరించుచు త్రాగు అలవాటు ఒక్కమారుగా త్రాగుటకంటె పండ్లకు ఎక్కువ చేటు. నిమ్మకాయ నీరును పుల్లనిదేగదా యని ఒక చతురుడు అడుగవచ్చును. పుల్లనిదే, దానిని కూడ దినమంతయు చప్పరింపరాదు.

ఇక రాత్రి మాట. ఇక్కడ ఒక తెలుగువాని పేరు చెప్పుకొనవలసి యున్నది. 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్కే యను ఆచార్యునితో కలిసి కండరములను శోధించుచు, 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును వెలువరించెను. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా దానిని కనుగొనెను. ప్రాణి చేయు ప్రతి పనికిని, చేయి యెత్తుటకును, లెక్క చేయుటకును, శక్తి నందించు నాణెము వంటిది అది. మెలకువగా నున్నంతసేపు మెదడు ఈ నాణెములను ఖర్చుపెట్టుచునే యుండును. ఖర్చు కాగా మిగిలిన చిల్లర వంటిది ఎడినోసిన్. ప్రొద్దు గడచిన కొలది అది మెదడులో ప్రోగుపడుచుండును. ప్రోగుపడిన ఎడినోసిన్ మెదడు కణములపై దానికొరకే యేర్పడిన తావులలో చేరినప్పుడు కన్నులు మూతలు పడును, ఆవులింతలు వచ్చును. నిద్రలో ఆ ప్రోగు కరగిపోవును. పగలంతయు చదివి ఆడిన పిల్లవానికి రాత్రి తొమ్మిదింటికే నిద్ర ముంచుకొని వచ్చుట ఈ లెక్క ప్రకారమే.

కెఫీను రూపమున ఎడినోసిన్‌ను పోలియుండును. తాళపు రంధ్రమున వేరొక తాళపుచెవి దూర్చినట్లు అది ఆ తావులను ఆక్రమించును; కాని తాళము తిరుగదు. ఎడినోసిన్ బయటనే నిలిచిపోవును. అలసట ఉన్నను అలసట తెలియదు. ఇది ఉత్సాహము కాదు, అలసట వార్తను అడ్డగించుట మాత్రమే. దండు ప్రమాదములో నున్నదని చెప్పవచ్చిన వేగువానిని కోటవాకిట నిలిపివేసినంత మాత్రమున ప్రమాదము తప్పునా?

ఈ కెఫీను సగము తరుగుటకు పెద్దవారి దేహములో సుమారు ఐదు గంటలు పట్టును. కోలాలలో నూరు మిల్లీలీటర్లకు దాదాపు 10 మిల్లీగ్రాముల కెఫీను ఉండును. సాయంకాలము ఆరు గంటలకు అర లీటరు సీసా ముగించిన బాలుని దేహమున 50 మిల్లీగ్రాములు చేరినవనుకొందము. రాత్రి పదునొకండు గంటలకు అందు 25 మిల్లీగ్రాములు ఇంకను మిగిలియే యుండును. దీపము ఆర్పివేసినను ఆ వేగువాడు వాకిటనే నిలిచియుండును. పిల్లల తూకము తక్కువ గనుక అదే మోతాదు వారికి మరింత పెద్దదగును. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చేసిన నిర్ణయము ప్రకారము పిల్లలకు దేహపు తూకములో కిలో ఒక్కింటికి దినమునకు 3 మిల్లీగ్రాములు మించరాదు. నలువది కిలోల పిల్లవానికి అది 120 మిల్లీగ్రాములు. ఇంతవరకు భయము లేదనిపించును. కాని అదే సంస్థ నిద్రను గూర్చి వేరొక హెచ్చరిక చేసినది. పెద్దవారిలో సైతము, నిద్రవేళకు దగ్గరగా పుచ్చుకొన్నచో, కిలోకు 1.4 మిల్లీగ్రాములే కొందరి నిద్రను చెరుపవచ్చునని చెప్పినది. ఆ చొప్పున నలువది కిలోల వానికి 56 మిల్లీగ్రాములు. పై అర లీటరు సీసా ఆ గీతకు అంగుళము దూరమున నున్నది. ఒకపూట ట్యూషను ముందు సీసా, మరల రాత్రి భోజనముతో సగము సీసా త్రాగిన బాలుడు ఆ గీత దాటియే పడుకొనుచున్నాడు.

2013లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, నిద్రకు ఆరు గంటల ముందు పుచ్చుకొన్న కెఫీను పెద్దవారి నిద్రను గంటకు పైగా తగ్గించినదని తేలినది. ఆ పరీక్షలో ఇచ్చినది 400 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు. ఒక సీసా కోలాకు అంత బలము లేదు. అయినను ఆ పరీక్షలోని మరొక విశేషము గమనింపదగినది. అంత నిద్ర పోయినదను సంగతి ఆ త్రాగినవారికే సరిగా తెలియలేదు. కొలిచిన యంత్రమునకు తెలిసినది. నాకు కోలా త్రాగినను హాయిగా నిద్ర పట్టునని చెప్పు పిల్లల మాట ఎంతవరకు నమ్మదగినదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల పిల్లలకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని నిద్రాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పగలు నేర్చిన పాఠము మెదడులో కుదురుకొనునది నిద్రలోనే. ఎదుగుదలకు కావలసిన రసము రక్తములోనికి అధికముగా స్రవించునది గాఢనిద్ర తొలి గడియలలోనే. బస్సు ఆరున్నరకే వచ్చు పిల్లవానికి ఉదయపు నిద్రను పొడిగించుకొను వీలు లేదు. కనుక రాత్రి ముప్పావుగంట ఆలస్యముగా నిద్ర పట్టినచో ఆ ముప్పావుగంట ఎక్కడను తిరిగి రాదు. మరునాడు గణితము పీరియడులో కన్నులు వాలును. సాయంకాలమునకు ఒడలు బరువెక్కును. ఆ బరువు తీరుటకు మరల అదే దుకాణము, అదే సీసా. పరీక్షల దినములలో ఈ చక్రము మరింత వేగముగా తిరుగును. మేలుకొని చదువుటకై సీసా త్రాగి, చదివినది కుదురుకొనవలసిన నిద్రను పోగొట్టుకొనుట ఇల్లు కాల్చి చలి కాచుకొనుట వంటిది.

ఈ విషయమున కోలాలకంటె ఎక్కువ భయపడవలసినవి శక్తిపానీయములను పేర సన్నని డబ్బాలలో అమ్ముడగుచున్న ద్రవములు. మన దేశపు ఆహార భద్రతా నియమముల ప్రకారము వానిలో లీటరుకు 145 మొదలు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీను ఉండవచ్చును. 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 మిల్లీగ్రాములు! పై గీతను ఒక్క డబ్బాయే దాటించును. అది పిల్లలకు తగదని ఆ డబ్బా మీదనే వ్రాయవలెనని నియమము. వ్రాయుచున్నారు కూడ. కాని ఎద్దు బొమ్మలు, మెరుపు బొమ్మలు ముందువైపున పెద్దవిగా నుండును; ఈ మాట వెనుకవైపున, చీమలు ప్రాకినట్లుండును. ఆటలపోటీకి ముందు ఒక డబ్బా త్రాగిన బాలుని గుండె దడదడ కొట్టుకొన్నచో అది పట్టుదల అని భ్రమపడరాదు.

సికింద్రాబాదు భోజనపు అలవాట్లలో వేరొక చిక్కు కలదు. బిర్యానీ ఉన్నచోట నల్లని కోలా ఉండితీరవలెనను నమ్మకము ఇక్కడ ఆచారమువలె పాతుకొన్నది. విందులలో వరుడు లేకున్నను కోలా లేకుండరాదన్నట్లుండును! అది త్రాగినచో బరువైన భోజనము అరుగునని పలువురు గట్టిగా నమ్ముదురు. త్రాగినవెంటనే పెద్ద త్రేనుపు వచ్చుటయే వారికి నిదర్శనము. ఆ త్రేనుపు అరిగిన అన్నమునకు గుర్తు కాదు. సీసాలోనుండి కడుపులోనికి పోయిన గాలియే మరల నోటివెంట వెలికి వచ్చినది. ఉబ్బిన కడుపు ఆ గాలిని తోసివేయునప్పుడు పుల్లని జీర్ణరసము కూడ కొంత గొంతువరకు ఎగదన్నును. రాత్రి పదునొకండు గంటలకు విందు ముగించి, పండ్రెండింటికి పడుకొన్నవానికి తెల్లవారుజామున రొమ్ములో మంట పుట్టుటకు మసాలాను మాత్రమే నిందించుట అన్యాయము. ఆ విందులలో పసిపిల్లల చేతికి సైతము కాగితపు గ్లాసులతో కోలా నిచ్చి, వారు అర్ధరాత్రి వరకు గంతులు వేయుచుండగా ఎంత చలాకీ పిల్లలని మురియు పెద్దలను చూచినప్పుడు నవ్వవలెనో, వగవవలెనో తెలియదు.

మరి మానుట ఎట్లు? ఉన్నట్టుండి ఒక్కనాడే మానివేయ పూనుకొన్నవారిలో చాలమంది మూడవనాడే మరల మొదలుపెట్టుదురు. దానికి వారి మనస్సు బలహీనమగుట మాత్రమే కారణము కాదు. దినమును కెఫీనుకు అలవాటుపడిన మెదడు అది అందనప్పుడు అలుక వహించును. ఒకటి రెండు దినములలో తలనొప్పి, చిరాకు, మందకొడితనము తలయెత్తును. వారము పదిదినములలో అవి వాటంతట అవియే సమసిపోవును. ఈ సంగతి ముందుగా తెలిసినవాడు తలనొప్పిని చూచి బెదరడు. తెలియనివాడు, సీసా లేనిదే తనకు ఆరోగ్యము లేదనుకొని మరల దుకాణమునకు పరుగెత్తును. కావున క్రమముగా తగ్గించుట మేలు. అందును అన్ని సీసాలను సమానముగా చూడ నవసరము లేదు. మొదట పోవలసినది సాయంకాలపు సీసా. మధ్యాహ్న భోజనానంతరము కెఫీను గల దేదియు త్రాగననువాడు, పూర్తిగా మానకపోయినను, రాత్రిని తిరిగి సంపాదించుకొన్నవాడగును. పిమ్మట దినమునకొకటిని వారమునకొకటిగా, వారమునకొకటిని పండుగ పబ్బములకుగా తగ్గించుట అంత కష్టము కాదు. ఏలయనగా చక్కగా నిద్రించినవానికి మరునాటి సాయంకాలమున ఆ సీసా మీదికి అంతగా మనసు పోదు.

బదులు వెదకుటలో రెండు మోసములు కలవు. మొదటిది, చక్కెర లేనిదని పేరు పెట్టుకొని వచ్చు కోలా. చక్కెర పోయినది నిజమే; ఆమ్లము అట్లే యున్నది, కెఫీను అట్లే యున్నది. రాత్రి పాలిట అది అదే సీసా. పైగా బరువు తగ్గుటకై కృత్రిమపు తీపి పదార్థములను ఆశ్రయింపవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా నిచ్చినది. రెండవది, ఈ నగరమున అడుగడుగునను దొరకు ఇరానీ చాయ. కోలా మాని స్నేహితులతో ఇరానీ హోటలుకు చేరి, ఉస్మానియా బిస్కత్తుతో రెండు కప్పుల చాయ పుచ్చుకొనువాడు బావినుండి తప్పించుకొని చెరువులో పడినవాడు. చాయలోను కెఫీను కలదు, చక్కెరయు దండిగా కలదు. ఇరానీ చాయ రుచిని కాదనుట సికింద్రాబాదులో సాహసమే యగును. ఆ సాహసము ఇక్కడ చేయబడుట లేదు. పిల్లలకు సాయంకాలమున తగదని మాత్రమే చెప్పబడుచున్నది.

సీసా లేని కాలమున తెలుగువారు వేసవిని ఎట్లు దాటిరో చూచినచో బదులు దొరకును. ఉప్పు, అల్లము, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, సబ్జా గింజలు నానవేసిన నీరు, కొబ్బరి బొండము, ధర్మాత్ములు వీథి మొగలందు నెలకొల్పు చలివేంద్రములలోని కుండనీరు. పూర్వపు దంతయు ఆరోగ్యకరమని పొగడుటయు సత్యదూరమే. శ్రీరామనవమినాటి పానకమున బెల్లము తక్కువా? నన్నారి షర్బత్తులో చక్కెర తక్కువా? అయితే పానకము సంవత్సరమున కొక్కనాడు వచ్చి పోవును. దానిని ఎవరును ఫ్రిజ్జులో నిలువజేసి దినదినమును త్రాగలేదు. అందులో నిద్రను చెరుపు పదార్థమును లేదు.

పేరును చూచి మోసపోవుట పిల్లల తప్పు మాత్రమే కాదని ఇటీవలి ఒక ఉదంతము తెలుపుచున్నది. అతిసారము వచ్చిన పిల్లలకు ఓ.ఆర్.ఎస్. అను ఉప్పు చక్కెర ద్రావకము ప్రాణము నిలుపు మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారము లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే అందుండవలెను. అంతకు ఎన్నో రెట్లు చక్కెర గల పండ్లరసపు పానీయములు అదే పేరును అట్టపెట్టెల మీద ధరించి మందులషాపులలో అమ్ముడయ్యెడివి. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై సుమారు ఎనిమిది సంవత్సరములు పోరాడిరి, హైకోర్టు మెట్లెక్కిరి. తుదకు 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా సంస్థ ఆ పేరును అట్టి పానీయములపై వాడరాదని శాసించినది. మందులషాపులో తల్లిదండ్రులే పేరు చూచి కొని మోసపోయినప్పుడు, దుకాణము ముందు నిలిచిన ఎనిమిదవ తరగతి పిల్లవానిని ఒక్కనినే నిందించుట ధర్మము కాదు.

2020లో వచ్చిన నియమములు చక్కెర, ఉప్పు, క్రొవ్వు అధికముగా గల పదార్థములను బడి ఆవరణలోను, బడి గేటుకు 50 మీటర్ల లోపలను అమ్మరాదని చెప్పుచున్నవి. యాబది మీటర్లనగా పిల్లవాని అడుగులలో నూరు అడుగులకు మించదు. ఆ నూటయొకటవ అడుగున దుకాణము ఉండనే యున్నది. దుకాణదారు దొంగ కాడు. పిల్లలు అడిగినది అమ్ముచున్నాడు, తన బిడ్డలను పోషించుకొనుచున్నాడు. అతని ఫ్రిజ్జులో మజ్జిగ పొట్లములు సీసాల ముందువరుసలో నుండినచో అతని బేరము చెడదు. సీసాలను ముందువరుసలో పెట్టించునది కంపెనీవారు ఉచితముగా ఇచ్చిన ఫ్రిజ్జు. అది ఉచితముగా ఎందుకు వచ్చినదో పిల్లలు ఆలోచింపదగిన ప్రశ్న.

సికింద్రాబాదునకు ఈ పోరులో రెండు సాధనములు ఇంటిముంగిటనే యున్నవి. కూనూరులో 1918లో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో నున్నది. దేశమంతటికిని ఏది తినవలెనో, ఏది తినరాదో చెప్పునది ఆ సంస్థయే. 2024లో అది వెలువరించిన ఆహార సూత్రములు దేశమంతట చదువబడినవి. అక్కడికి కూతవేటు దూరమున విజయ డెయిరీకి చిరకాల నివాసమైన లాలాపేట కలదు. సలహాయు, మజ్జిగయు పొరుగు పొరుగున నున్నవి. ఏ బడియైనను ఆటస్థలము అంచున నాలుగు మట్టికుండలు పెట్టి, ఇసుక తడిపి, ప్రొద్దుట నీరు నింపించి, సాయంకాలపు గంట తరువాత ట్యూషనుకు పోవు పిల్లలకు గ్లాసు మజ్జిగ అందించుటకు ప్రభుత్వపు ఉత్తరువు కొరకు వేచియుండ నక్కరలేదు. ఏ తరగతివారు ఏనాడు కుండలు కడుగవలెనో నోటీసు బోర్డు మీద వ్రాసిపెట్టిన చాలును.